నందిత పెట్టిన పాస్‌వర్డ్

మద్రాసు చింతాద్రిపేటలో కూవం ఏటి వైపు వీపు పెట్టుకుని నిలబడిన పాత మిద్దె అది. ముందు భాగం అంగడి, వెనక భాగం ఇల్లు. అంగడిలో పెళ్ళి పత్రికలు వేసి ఇస్తారు. అద్దాల బీరువా నిండా పసుపు అంచు కార్డులు, వినాయకుడి బొమ్మ కార్డులు, తెరిస్తే సన్నాయి మోగే ఖరీదైన కార్డులు. వెంకట్రామ్ అంగడిలో వేయిస్తే పత్రికలో ఒక్క తప్పు ఉండదని వాషర్‌మెన్‌పేట్ దాకా పేరు.

ఆ పేరు తెచ్చింది వెంకట్రామ్ కాదు, నందిత. అతని మొదటి భార్య. జ్వరం వచ్చి, ఆస్పత్రికి తీసుకుపోయేలోపలే చేయి దాటిపోయిందని చెబుతారు.

ఆమె పోయిన ఏడాదికి కస్తూరి ఆ ఇంటికి వచ్చింది. పురసవాక్కంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పేజీలు కట్టడం నేర్చుకున్న పిల్ల. సంబంధం తెచ్చినావిడ కూడా అదే ముందు చెప్పింది, "అమ్మాయికి కంప్యూటరు వచ్చు" అని. రంగు గురించీ వంట గురించీ ఎవరూ అడగలేదు. తనను ఇంటికి తెచ్చుకున్నారా, ఖాళీ అయిన కుర్చీకి తెచ్చుకున్నారా అని కస్తూరికి మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. ఆ కుర్చీ మీది దిండు కూడా నందితదే. మధ్యలో గుంట పడి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. కస్తూరి ఎంత సర్దుకుని కూర్చున్నా ఆ గుంట తన ఒంటికి కుదిరేది కాదు. దిండు మారుద్దామంటే వెంకట్రామ్ "ఉండనీలే" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడడు, కస్తూరికి ఏం కావాలన్నా తెచ్చిస్తాడు. దాచుకున్నది ఒక్కటే. ప్రింటరు పాస్‌వర్డ్.

అంగడి పైకప్పు వానకు కారుతుంది కాబట్టి ప్రింటరును వెనక గదిలో పెట్టారు. మధ్యలో నడవ, ముంగిలి, మూరెడు మందం సున్నపు గోడలు. గోడకు బెజ్జం వేస్తే ఒప్పుకోనని అత్త మునెమ్మ పట్టు పట్టింది. అందుకని నందిత ఉన్నప్పుడే వెంకట్రామ్ బర్మా బజారులో సింగపూరు సరుకు ఒకటి కొనుక్కొచ్చాడు. టిఫిన్ డబ్బా అంతేసి పెట్టెలు రెండు, ఒక్కోదానికి వేలెడు కొమ్ము. ఒకటి అంగడిలో కంప్యూటరు పక్కన, రెండోది వెనక గదిలో ప్రింటరు పక్కన. మధ్యలో తీగ లేదు. ఈడ నొక్కితే ఆడ కాగితం వస్తుంది. తొంభై తొమ్మిదో సంవత్సరంలో మద్రాసులో అదొక వింత. పత్రికలకు వచ్చినవాళ్ళు పెట్టె చుట్టూ చేయి తిప్పి, నిజంగానే తీగ లేదని చూసుకుని పోయేవాళ్ళు.

పొద్దున కంప్యూటరు వేయగానే తెర మీద చిన్న గడి వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. అది వేస్తేనే రెండు పెట్టెలకూ మాట కలుస్తుంది.

ఆ పని వెంకట్రామ్ ఒక్కడే చేసేవాడు. ఇంకా అంగడి తలుపులు తెరవకముందే వెళ్ళి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేవాడు. కస్తూరి కాఫీ గ్లాసు పట్టుకుని నడవలో నిలబడి వినేది. టక్... టక్... టక్... నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ ముద్దు చేస్తున్నట్టు. తర్వాత వెనక గదిలో ప్రింటరు గుర్రుమని లేచేది. పని అయిపోయినా అతను వెంటనే లేచేవాడు కాదు. కాసేపు అట్లాగే కూర్చుని, ఆ తర్వాత ఇటు తిరిగేవాడు. అప్పుడు అతని ముఖంలో ఒక మెత్తదనం ఉండేది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో తనను చూసేటప్పుడు ఆ మెత్తదనం కస్తూరికి ఎన్నడూ కనిపించలేదు.

"నాకు చెప్తే నేనే వేసుకుంటా కదా" అంది ఒకసారి.

"నేనే వేస్తాలే."

"అంత దాచేదానికి ఏం పేరది?"

"పేరూ లేదు, ఏమీ లేదు. విడువు కస్తూరీ."

విడవడం ఆమె వల్ల కాలేదు. అతను బయటికి పోయినప్పుడల్లా కంప్యూటరు ఆర్పి, మళ్ళీ వేసి, తోచిన మాటలన్నీ పెట్టి చూసింది. నందిత పేరు, అతని పేరు, ఇద్దరి పేర్లూ కలిపి, వాళ్ళ పెళ్ళి తేదీ. మునెమ్మ మాటల్లో దొర్లిన ముద్దు పేర్లు కూడా వదల్లేదు. ప్రతిసారీ తెర తప్పు అనేది. అతను వచ్చాక, కరెంటు పోయిందని అబద్ధం చెప్పేది. అతను ఏమీ అనకుండా వీపు తిప్పి కూర్చునేవాడు. టక్... టక్... టక్...

చచ్చిపోయిన మనిషి చీరలు మడిచి పెట్టెలో పెట్టేయొచ్చు. ఫోటో మీద దండ వేసి గోడకు తగిలించొచ్చు. కానీ మొగుడు రోజూ పొద్దున్నే లేచి, తన కళ్ళ ముందే ఆమెతో ఒక మాట చెప్పుకుంటున్నాడు. ఆ మాట ఏమిటో తనకు తెలియదు. కస్తూరికి అన్నం సహించేది కాదు.

కార్తీకంలో వాయుగుండం పట్టి వాన విడవకుండా కురుస్తున్న రోజుల్లో వెంకట్రామ్ తల్లిని వెంటబెట్టుకుని సూళ్ళూరుపేటలో బంధువుల గృహప్రవేశానికి పోయాడు. పోయే ముందు కంప్యూటరు వేసిపెట్టి, "దీన్ని ఆర్పొద్దు, రేపు వచ్చేస్తా" అన్నాడు.

మధ్యాహ్నం తిరువేంగడం వచ్చాడు. వాషర్‌మెన్‌పేట్‌లో పప్పుల టోకు వ్యాపారి, ఆ అంగడికి పాత ఖాతాదారు. కూతురి పెళ్ళి పత్రిక నమూనా కావాలి. "రాత్రి బండికి మగపెళ్ళివాళ్ళు ఊరికి పోతా ఉండారమ్మా. వాళ్ళ కంటికి చూపించి సరి అనిపించుకోవాల. దీపాలు పెట్టే వేళకి వస్తా, తీసి పెట్టు" అని గొడుగు విప్పుకుని పోయాడు.

కస్తూరి పత్రిక కట్టడం అయిపోవచ్చింది. గోత్రాలు సరిచూస్తూ ఉండగా కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. తెర వెలిగి, చిన్న గడి కనిపించింది.

పాస్‌వర్డ్.

మొదట నరేన్‌కు ఫోన్ చేసింది. ఆ పెట్టెలు బిగించింది అతనే, రిచ్చీ స్ట్రీట్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"నాకు తెలీదక్కా. బిగించినరోజు నందితక్కే వేసింది. నన్ను అటు తిరగమని చెప్పి మరీ వేసింది. దాని తర్వాత మార్చిందే లేదు. మార్చాలంటే పెట్టె మొత్తం తుడిచి కొత్తగా పెట్టాల" అన్నాడు. "ఈడ మోకాలి లోతు నీళ్ళు. రేపు పొద్దున వస్తా."

తర్వాత సూళ్ళూరుపేటకు చేసింది. చాలాసేపటికి వెంకట్రామ్ దొరికాడు. లైను నిండా గరగర.

"కరెంటు పోయింది. పాస్‌వర్డ్ చెప్పండి."

గరగర ఇంకా పెరిగింది.

"వినపడిందా?"

"అంగడి మూసేయి కస్తూరీ. తిరువేంగడం గారికి నేను చెప్పుకుంటా."

"ఆయన వచ్చేస్తాడు. ఒక్క మాటే కదా, చెప్పండి."

"నాకు తెలీదు."

కస్తూరికి కోపంతో నవ్వొచ్చింది. "రోజూ వేసేవాళ్ళకు తెలీదా?"

"నేను వేయను" అన్నాడు వెంకట్రామ్. గొంతు బాగా తగ్గించాడు. "నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటా. అంతే."

కస్తూరికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తల తిప్పి గుమ్మం వైపు చూసింది. రోజూ తను గుమ్మంలో నిలబడి చూసిన వీపు. ఆ వీపు అవతల అతని చేతులు ఎక్కడున్నాయో ఒక్కనాడైనా చూసిందా?

"ఎప్పటి నించి?"

"కర్మ అయిన మర్నాటి నించి. ఆర్డర్లు నిలిచిపోయినాయి. ఏం చేయాలో తెలీక ఆడ కూర్చుని ఏడస్తా ఉంటే... దానంతట అదే పడింది."

"మీకు భయం వేయలేదా?"

"లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటా ఎంత మెత్తగా అన్నాడని! భయపడి చచ్చానని అని ఉంటే కస్తూరి అతన్ని ఆ క్షణమే మన్నించి ఉండేది. ఇంత ఇంట్లో, మూసిన తలుపుల వెనక, రోజూ పొద్దున వాళ్ళిద్దరూ. తను కాఫీ పట్టుకుని గుమ్మంలో.

"మరి నన్నెందుకు కట్టుకున్నారు?" అని అరిచింది. లైను అప్పటికే తెగిపోయింది.

వాన పెద్దదైంది. సాయంత్రం కావడానికి ఇంకా పొద్దుంది గానీ అంగడిలో చీకటి కమ్మింది. కూవం పొంగిన బురద వాసన కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తోంది. వేరే ఎవరైనా అయితే తలుపు మూసి పక్కింటికి పరుగెత్తేవాళ్ళు. కస్తూరికి భయం లేక కాదు. భయం కంటే కడుపుమంట ఎక్కువగా ఉంది. వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనకు వేస్తావు కదా" అంది గడి వంక చూస్తూ. "నాకు వేయవా?"

ఏమీ లేదు. గడిలో సన్నటి గీత వెలిగి ఆరుతోంది.

"పనికి నేను, ఆయనకు నువ్వా? నీ చాకిరీ నేను చేస్తా ఉండా. నీ దిండు మీద కూర్చుంటా ఉండా. వాళ్ళ నోట నీ పొగడ్తలు వింటా ఉండా. వేయి. వేయవే!"

అప్పుడు వాసన వచ్చింది. బురద వాసన కాదు. సీకాయతో తల రుద్దుకుని ఆరబెట్టుకోని జుట్టు వాసన. చాలా దగ్గరగా... భుజం మీదుగా ఎవరో వంగినట్టు.

కస్తూరి కదల్లేదు. కదలడానికి ఒళ్ళు వినలేదు.

కింద దిండు నిదానంగా అణిగింది. తను కూర్చున్న చోటే... ఇంకో బరువు.

టక్.

ఒక మీట దానంతట అదే కిందికి దిగి, పైకి లేచింది. గడిలో ఒక చుక్క పడింది. తెర మీద అక్షరం కనిపించదు, చుక్క మాత్రమే. కానీ మీట కనిపించింది. కస్తూరి కళ్ళు మీటల మీదే నిలిచిపోయాయి.

కె.

టక్... ఎ.

టక్... ఎస్.

టక్... టి...



యు... ఆర్... ఐ.

మీటలు ఆగాయి. గడి మాయమైంది. వెనక గదిలో ప్రింటరు గుర్రుమంది.

కస్తూరి. తన పేరు.

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం తిండి మానేసిందో, ఆ మాట తన పేరే. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆమె గుండె పొంగింది. ఆ వెంటనే నరేన్ మాట గుర్తొచ్చింది. బిగించినరోజు నందితక్కే వేసింది. దాని తర్వాత మార్చిందే లేదు.

ఆరోజుకు నందిత ఆరోగ్యంగా తిరుగుతోంది. కస్తూరి అనే మనిషి ఒకతి ఈ ఊళ్ళో ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తిరువేంగడం పత్రికను మళ్ళీ తెరిచి ప్రింటుకు పంపింది. ముంగిలి దాటి వెనక గదికి పోయేసరికి చీర సగం తడిసింది. కాగితం వెచ్చగా ట్రేలో పడి ఉంది. తప్పు లేదు, గోత్రాలు సరిగ్గా ఉన్నాయి. తీసుకుని వెనుదిరగబోయింది. ప్రింటరు ఆగలేదు. ఇంకో కాగితాన్ని లోపలికి లాక్కుంది.

తను పంపింది ఒక్కటే.

రెండో కాగితం నెమ్మదిగా బయటికొచ్చింది. అదీ పెళ్ళి పత్రికే. చుట్టూ తీగల అంచు, పైన వినాయకుడు, వరుడు అన్నచోట వెంకట్రామ్ పేరు. వధువు అన్నచోట ఖాళీ. ముహూర్తం చోటా ఖాళీయే.

కస్తూరి పెళ్ళికి పత్రిక వేయలేదు. రెండో పెళ్ళికి ఎందుకని గుళ్ళో దండలు మార్పించి ముగించేశారు. ఊరందరికీ పత్రికలు వేసే ఇంట్లో తన పేరు మాత్రం అచ్చు కాలేదని ఆమెకు ఎప్పటి నుంచో బాధ. ఆ ఖాళీ వంక చూస్తే ఎవరో ఆమె గాయం మీద కావాలనే వేలు పెట్టినట్టనిపించింది. ప్రింటరు మళ్ళీ ఇంకో కాగితం లాక్కుంది. అదే పత్రిక. మళ్ళీ ఇంకొకటి. తీగ ఉంటే పీకి పారేసేది. తీగ లేదు. ఎక్కడ నుంచి వస్తోందో, ఎవరు పంపుతున్నారో... చివరికి మెయిన్ స్విచ్ కట్టేసి, చీకట్లో గోడ పట్టుకుని అంగడికి వచ్చింది.

తిరువేంగడం వచ్చి, లాంతరు వెలుతురులో పత్రికను తిప్పి తిప్పి చూశాడు. ముఖం విప్పారింది. "అచ్చం నందితమ్మ ఉన్నప్పటి మాదిరే ఉండాదమ్మా" అన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. కస్తూరికి కొరడాతో కొట్టినట్టయింది.

ఆ రాత్రి పక్కింటి కాళియమ్మను తోడు పిలుచుకుని పడుకుంది. పొద్దున్నే నరేన్ రాగానే "తుడిచేయి" అంది.

"అన్నను అడగాల్నా అక్కా?"

"నేను చెప్తా ఉండా కదా. తుడిచేయి."

నరేన్ రెండు పెట్టెలూ విప్పి, నందిత పెట్టిందంతా చెరిపేశాడు. కొత్త పాస్‌వర్డ్ కస్తూరి వేసుకుంది. అతన్ని అటు తిరగమని చెప్పి మరీ వేసింది. పుట్టింట్లో తనను పిలిచే పేరు అది. పెళ్ళయినాక ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికి వెంకట్రామ్ వచ్చాడు. సంగతి విని అరవలేదు, తిట్టలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఏం పని చేసినావు కస్తూరీ" అన్నాడు. వల్లకాటి నుంచి వచ్చినవాడి గొంతు అది. అతను నందిత కోసం రెండోసారి ఏడుస్తుంటే కస్తూరి కళ్ళారా చూసింది. లోపల ఎక్కడో తృప్తిగా ఉంది. తృప్తి పడినందుకు సిగ్గేసింది కూడా.

మర్నాడు అతను ఎప్పటిలాగే లేచి వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి కస్తూరి పక్కకు వచ్చి చూసింది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఒక్క మీటా కదల్లేదు. వెంకట్రామ్ లేచి, ఆమె ముఖం చూడకుండా పెరట్లోకి పోయాడు.

పోయింది, అనుకుంది కస్తూరి. వదిలిపోయింది. ఇక ఇల్లు నాది.

కుర్చీలో కూర్చుని తన పాస్‌వర్డ్ వేసింది. తెర తప్పు అంది. చేయి తడబడిందేమోనని ఇంకోసారి, ఒక్కో అక్షరం చూసుకుంటూ వేసింది. తప్పు. మూడోసారీ అంతే.

ఆమె నిదానంగా చేతులు వెనక్కి తీసుకుంది.

సీకాయ వాసన వచ్చింది.

టక్... ఎస్.

టక్... ఐ. ఎన్. డి...

కస్తూరి పెదవులు ఆ అక్షరాలను చప్పుడు లేకుండా కలుపుకుంటూ పోయాయి. హెచ్... యు... ఆర్... ఐ.

గడి మాయమైంది. వెనక గదిలో ప్రింటరు లేచింది.

సింధూరి.

నందిత బతికుండగా నా పేరు పెట్టింది... తర్వాత వచ్చేదాన్ని నేనే కాబట్టి పెట్టింది. ఇప్పుడు నేను బతికుండగా... ఆ ఆలోచనను చివరిదాకా పోనివ్వలేకపోయింది. పెరట్లోకి పరుగెత్తి వెంకట్రామ్ చొక్కా పట్టుకుంది.

"సింధూరి ఎవరు?"

"ఏ సింధూరి?" అన్నాడు అతను తెల్లబోయి. "మన వాళ్ళలో ఆ పేరున్నవాళ్ళెవరూ లేరే."

అబద్ధం చెప్పడం లేదు. కళ్ళు చూస్తే తెలుస్తోంది. ఒకనాడు ఎవరైనా అతన్ని కస్తూరి ఎవరని అడిగి ఉంటే ఇంత అమాయకంగానే తెలియదనేవాడు.

అప్పటి నుంచి కస్తూరికి నందిత మీద కోపం పోయింది. కోపమంతా ఎక్కడో ఈ ఊళ్ళోనే జడ వేసుకుంటూ, బస్సు ఎక్కుతూ, నవ్వుతూ ఉన్న ఇంకొకామె మీదకు మళ్ళింది. అంగడిలోకి అడుగుపెట్టిన ప్రతి ఆడపిల్లనూ ముందు పేరు అడిగేది. ఆపైనే కార్డులు చూపించేది. వెంకట్రామ్ ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడితే వెళ్ళి మధ్యలో నిలబడేది. తిరువేంగడం కూతురి పెళ్ళికి అతన్ని ఒంటరిగా పోనివ్వలేదు. "ఏమైందే నీకు, బెదురుగొడ్డు మాదిరి చూస్తా ఉండావు?" అని మునెమ్మ విసుక్కునేది.

ధనుర్మాసం మొదలైన వారంలో, వెంకట్రామ్ కాగితాలు కొనడానికి బయటికి పోయిన వేళ, అంగడి ఫోన్ మోగింది. చిన్న గొంతు. వయసు పిల్ల.

"ఈడ పెళ్ళి పత్రికలు వేస్తారా?"

"వేస్తాం. ఎవరి పెళ్ళికి?"

"నాదే."

"సంతోషం. ముహూర్తం ఎప్పుడు?"

"ఇంకా పెట్టలేదు. చోటు ఖాళీ అయినాక చూద్దామన్నారు."

కస్తూరి చేతిలో పెన్ను ఆగిపోయింది. గుసగుసగా అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

అటువైపు ఆ పిల్ల చిన్నగా నవ్వింది.

"మీకు తెలుసు కదక్కా."